పోయిన మిత్రుడు – మన సాక్ష్యం

మన ఊళ్ళలో ఒక మంచి మనిషి చనిపోతే జనాజా లేచేలోగా ఒక మాట నాలుగు వైపుల నుండీ వినిపిస్తుంది: ‘‘జన్నతీ మనిషండీ’’. అనేవారి కళ్ళలో నీళ్ళుంటాయి. మాటలో కపటం ఉండదు. మరి ఆ మాట అనే హక్కు మనకుందా? ఉంటే ఎంతవరకు? లేకపోతే పోయిన మిత్రుణ్ణి ఏమని తలచుకోవాలి?

ఇది కేవలం పుస్తకాల్లోని ప్రశ్న కాదు. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసిన మా మిత్రుడొకరు 2022 చివరిలో గుండెనొప్పితో కన్నుమూశారు. వయసు నలభై దాటలేదు. వృద్ధురాలైన తల్లి, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. సంతాప సభలో నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరినప్పుడూ, ఆ తరువాత ఆయన ఇచ్చుకోవలసిన బాకీల లెక్క బయటపడినప్పుడూ ఈ ప్రశ్నే మా ముందుకు వచ్చింది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంటివారు వద్దన్నారు. ఆయన ఉన్నా అదే అనేవారు.

ఈ విషయమై హదీసు గ్రంథాల్లో రెండు ఉల్లేఖనాలున్నాయి. పైపైన చూస్తే అవి ఒకదానికొకటి ఎదురుగా నిలిచినట్లు కనిపిస్తాయి.

మొదటిది హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించినది. ఒక జనాజా వెళ్తుండగా అక్కడివారు మృతుని మంచిని చెప్పుకున్నారు. ఖాయమైపోయిందని దైవప్రవక్త (స) అన్నారు. మరో జనాజా వెళ్తుండగా మృతుని చెడును చెప్పుకున్నారు. అప్పుడూ ఆయన అదే మాట అన్నారు. ఏది ఖాయమైందని హజ్రత్ ఉమర్ (రజి) అడిగారు. మీరు మంచి చెప్పినవానికి స్వర్గం, చెడు చెప్పినవానికి నరకం ఖాయమయ్యాయని, భూమి మీద మీరు అల్లాహ్ సాక్షులని దైవప్రవక్త (స) వివరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

రెండవది అన్సారీ మహిళ హజ్రత్ ఉమ్ముల్ అలా (రజి) ఉదంతం. మక్కా నుండి వలస వచ్చిన ముహాజిర్లను అన్సార్లు చీట్లు వేసి తమ ఇళ్ళకు పంచుకున్నారు. ఆమె ఇంటి వంతుకు వచ్చినవారు హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి). ఇస్లాం తొలినాళ్ళలోనే విశ్వసించినవారు, అబిసీనియాకు వలస వెళ్ళివచ్చినవారు. ఆయన మదీనాలో జబ్బుపడితే ఆ ఇంటివారే సేవ చేశారు. ఆయన కన్నుమూశారు. కఫన్ తొడిగిన తరువాత ఆ ఇల్లాలు ఆయనను ఉద్దేశించి, అల్లాహ్ నిన్ను గౌరవించాడని నేను సాక్ష్యమిస్తున్నానని పలికారు. ఆ సంగతి నీకెలా తెలుసని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఆయనకు మేలే జరగాలని తానూ ఆశిస్తున్నానన్నారు. అయితే తాను అల్లాహ్ సందేశహరుడై ఉండీ తన విషయంలో ఏం జరగనుందో తనకు తెలియదని చెప్పారు. ఆ తరువాత మరెవ్వరి పవిత్రతకూ తాను హామీ ఇవ్వలేదని ఆమె చెప్పుకున్నారు.

ఒక చోట సాక్ష్యానికి అంత విలువ ఇచ్చి, మరో చోట అదే సాక్ష్యాన్ని ఎందుకు ఆపారు? మాకు అర్థమైనది ఇది. కోర్టులో సాక్షి వేరు, జడ్జి వేరు. తాను చూసింది చెప్పడం సాక్షి పని. చూసింది చెప్పి ఊరుకోకుండా తీర్పు కూడా తానే చదివేస్తే అతణ్ణి బోనులోంచి దింపేస్తారు. మొదటి జనాజా వెంట ఉన్నవారు తమ కళ్ళతో చూసిన మంచిని చెప్పుకున్నారు. స్వర్గమన్న మాట వారు అనలేదు, వహీ అందుకునే ప్రవక్త (స) అన్నారు. ఉమ్ముల్ అలా (రజి) మాత్రం ప్రేమకొద్దీ ఒక అడుగు ముందుకు వేసి అల్లాహ్ తీర్పునే ప్రకటించారు. ‘పొరుగువాడికి పెట్టకుండా తినలేదు’ అన్నది సాక్ష్యం. ‘జన్నతీ’ అన్నది తీర్పు.

ఈ హదీసు చదివి కొందరు యువకులు మరో కొసకు వెళ్ళిపోతారు. చనిపోయినవాని గురించి మాట్లాడకూడదు, ఏడవకూడదు, రాతిబొమ్మలా నిలబడితేనే ఈమాన్ అనుకుంటారు. ఆ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) పార్థివ దేహాన్ని దైవప్రవక్త (స) ముద్దు పెట్టుకున్నారు. ఆయన కన్నీళ్ళు ధారగా కారాయి. ఖననమయ్యాక ఒక రాయిని స్వయంగా మోసుకొచ్చి సమాధి తల వైపు ఉంచారు. నా సోదరుని సమాధి నాకు గుర్తుండాలని, మా ఇంటివారిలో పోయినవారిని ఈయన దగ్గరే ఖననం చేస్తానని అన్నారు. ఉమ్ముల్ అలా (రజి) ఆ తరువాత కలలో ఆయన కోసం పారుతున్న ఒక ఊటను చూశారు. దైవప్రవక్తకు చెబితే, అది ఆయన ఆచరణ అన్నారు. ముద్దు ఉంది, కన్నీరు ఉంది, గుర్తు కోసం రాయి ఉంది. పూచీ మాత్రం లేదు.

కాబట్టి మా మిత్రుని గురించి మేము చూసింది చెబుతాము.

మిర్చి సీజనులో యార్డు ఎలా ఉంటుందో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పల్నాడు నుండి, ప్రకాశం నుండి, కర్నూలు వైపు నుండి రాత్రంతా లారీలు వస్తూనే ఉంటాయి. తెల్లవారేసరికి టిక్కీలు గుట్టలుగా పడి ఉంటాయి. ఘాటుకు కొత్తవాడు పది నిమిషాలు నిలబడలేడు. అలాంటి చోట ఆయన పదిహేడేళ్ళు లెక్కలు రాశారు. ఫజ్ర్ వేళకు కొట్టు వెనుక గోనెపట్టాలు పరిచి నలుగురైదుగురు హమాలీలతో కలిసి నమాజు చేసేవారు. చదువు రాని రైతు చేతిలో లెక్క చీటీ పెట్టి పంపేయడం ఆయనకు నచ్చేది కాదు. కమీషన్ ఎంత, కూలి ఎంత, పాత బాకీ కింద ఎంత పట్టుకున్నారో ఒక్కొక్క గడీ మీద వేలు పెట్టి చదివి వినిపించేవారు. ఇందువల్ల కొట్టు ముందు ఆలస్యమవుతోందని యజమాని ఒకటి రెండుసార్లు విసుక్కున్నారు కూడా. తరువాత తరువాత ఆ గుమాస్తా కోసమే రైతులు ఆ కొట్టుకు సరుకు దింపుతున్నారని తెలిసి ఊరుకున్నారు.

ఆయన దగ్గర ఒక పొడవాటి నోటుపుస్తకం ఉండేది. అందులో ఏ గ్రూపు రక్తం ఎవరిదో, ఎవరికి ఏ టైములో ఫోన్ చేయవచ్చో రాసుకునేవారు. మాచర్ల నుండో వినుకొండ నుండో గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి వచ్చి, ఏ బ్లాకు ఎక్కడుందో తెలియక నిలబడ్డ మనిషికి ఆ పుస్తకం పనికొచ్చేది. ఆ మనిషి బొట్టు పెట్టుకున్నాడా, టోపీ పెట్టుకున్నాడా అన్న లెక్క అందులో లేదు. 2021 వేసవిలో కరోనా రెండవ దఫా విజృంభించి, అయినవారే శవం దగ్గరకు రావడానికి భయపడ్డ రోజుల్లో, మస్జిదు యువకులతో కలిసి ఆయన గుస్ల్, ఖననం పనులు చేశారు. అప్పట్లో రోజుకు ఎన్ని జనాజాలో మేము లెక్క పెట్టుకోలేదు.

ఇంతవరకు చెబితే వినేవారికి బాగానే ఉంటుంది. సంతాప సభల్లో ఇక్కడితో ఆపేస్తారు. అయితే సాక్ష్యమంటే ఒక వైపే చెప్పడం కాదు కదా. ఇంటి సంగతి కూడా చెప్పాలి.

ఒకరోజు ఆయన భార్య ఆయనను ఒక ప్రశ్న అడిగారట. ‘‘మీ నోటుపుస్తకంలో ఊళ్ళో అందరి నంబర్లూ ఉన్నాయి. మా వంతు ఏ పేజీలో ఉందండీ?’’ ఈ సంగతి ఆయనే మాకు నవ్వుతూ చెప్పారు. చెబుతూ చెబుతూ నవ్వు ఆపేశారు. చిన్న పాపకు జ్వరం వచ్చిన రాత్రి ఆయన మరెవరి పాపకో రక్తం కోసం తిరుగుతున్నారని తరువాత తెలిసింది.

ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) ఇంట్లోనూ ఇటువంటి ఫిర్యాదే వచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. భార్య అలంకరణ మానేసి దిగులుగా ఉండటం చూసి ప్రవక్త గారి ఇంటి స్త్రీలు కారణం అడిగితే విషయం తెలిసింది. దైవప్రవక్త (స) ఆయనను పిలిపించి, తాను నిద్రపోతానని, నమాజూ చేస్తానని, ఉపవాసముంటానని, విరమిస్తానని, నీ ఇంటివారికి నీపై హక్కుందని హెచ్చరించారు. హజ్రత్ సల్మాన్ (రజి) తన ధర్మ సోదరుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళినప్పుడు కూడా ఆయన ఇల్లాలు అదే స్థితిలో ఉన్నారు. సల్మాన్ (రజి) అబూ దర్దా చేత ఉపవాసం విరమింపజేశారు, రాత్రి తొలి జాములో లేవనివ్వక పడుకోబెట్టారు, చివరి జాములో లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకూ, దేహానికీ, ఇంటివారికీ తలా ఒక హక్కుందని, ఎవరిది వారికి ఇవ్వాలని బోధించారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు.

గమనించండి. ఆ ఇద్దరు మహనీయులు పాపకార్యాల్లో మునిగి ఇంటిని మరవలేదు. ఆరాధనలో మునిగి మరిచారు. అయినా ఫిర్యాదు ఫిర్యాదే అయింది. ప్రజాసేవ చేసేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. సినిమాలకు తిరిగేవాణ్ణి ఇంట్లో వాళ్ళు గట్టిగా అడగగలరు. రోగి కోసం తిరిగేవాణ్ణి ఏమని అడుగుతారు? అడిగితే స్వార్థపరులమంటారేమోనని ఊరుకుంటారు. ఆ ఊరుకోవడాన్ని సమ్మతి అనుకుంటాం. మగవాడు బయట పుణ్యం సంపాదిస్తుంటే ఇంట్లోవాళ్ళు సర్దుకోవాలని కొందరు పెద్దలు అంటారు. ఈ మాటతో మేము ఏకీభవించము. తన ఇంటివారి పట్ల ఉత్తముడైనవాడే మీలో ఉత్తముడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. బయటి వారి సాక్ష్యం ఎంత ఉన్నా మొదటి సాక్ష్యం ఇంటి గడప లోపలిది.

ప్రజాజీవితంలో ఉన్నవారి విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2013 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవం నాడే, లాల్‌జాన్ బాషా గారు నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు ప్రమాదంలో మరణించిన వార్త గుంటూరుకు వచ్చింది. అంతకుముందు ఆచార్య ఎన్.జి. రంగా గారు ప్రాతినిధ్యం వహించిన గుంటూరు లోక్‌సభ స్థానం నుండి ఆయన 1991లో తెలుగుదేశం పార్టీ తరఫున గెలిచారు. తరువాత రాజ్యసభలోనూ కూర్చున్నారు. ముస్లింలు అల్పసంఖ్యాకులుగా ఉన్న నియోజకవర్గంలో ఒక ముస్లిం ఎం.పి.గా ఎన్నికయ్యారంటే అన్ని వర్గాలవారూ నమ్మి ఒక అమానత్‌ను చేతిలో పెట్టినట్లే. ఆయన రాజకీయాలు నచ్చినవారూ ఉంటారు, నచ్చనివారూ ఉంటారు. అది ఇక్కడ విషయం కాదు. పదవిలో ఉన్నవారి మంచిచెడులకు వేలాదిమంది సాక్షులుంటారు, పత్రికలుంటాయి. గుమాస్తా మంచికి సాక్షులు పదిమందే. అయితే ఎం.పి. అయినా, గుమాస్తా అయినా, ఇంట్లో ఎలా ఉన్నాడో చెప్పగలిగినవారు నలుగురే. ఆ నలుగురి మాటకు సభల్లో మైకు ఉండదు.

ఇంటికీ సేవకూ ఎప్పుడూ పోటీయే ఉండాలని కూడా లేదు. మన గుంటూరులోనే 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ గారు కలిసి స్త్రీవిద్య కోసం శారదా నికేతనం స్థాపించారు. గుజరాత్‌లోని బాంట్వాలో పుట్టి, దేశ విభజన తరువాత కరాచీలో స్థిరపడిన అబ్దుల్ సత్తార్ ఈధీ గారి పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన భార్య బిల్ఖీస్ గారు మొదట ఆయన డిస్పెన్సరీలో నర్సు. ఇద్దరూ జీవితమంతా ఒకే పనిలో ఉన్నారు. దారితప్పి సరిహద్దు దాటిన మాటలు రాని భారతీయ బాలికకు గీత అని పేరు పెట్టి, ఆమె దేవుళ్ళను ఆమె పూజించుకునే ఏర్పాటు చేసి, 2015లో మన దేశానికి తిరిగి పంపింది ఆ సంస్థే. ఈధీ గారు 2016లో, బిల్ఖీస్ గారు 2022లో పోయారు. అందరికీ అలాంటి సహచర్యం దొరకదు. కనీసం ఇంట్లో అడిగి, వారి వంతు పక్కన పెట్టి బయలుదేరడం మాత్రం ఎవరైనా చేయగలరు.

మా మిత్రుడు ఆ తరువాత ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మగ్రిబ్ నుండి ఇషా వరకు ఇంట్లోనే. ఫోను పెద్దపాప చేతిలో ఉండేది. తల్లికి స్వయంగా అన్నం తినిపించేవారు. పిల్లలిద్దరికీ ఖుర్ఆన్ పాఠం చెప్పేవారు. యార్డు మంచి ఊపులో ఉన్న ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ కట్టుబాటు సగం రోజులు తప్పిపోయేది. అదీ చూశాము. ఆయన దైవదూత కాదు. ఇంటివారి మాటకు చెవి ఒగ్గిన మనిషి.

ఇక బాకీల సంగతి. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

షరీఅత్‌లో మృతుని ఆస్తికి ఒక వరుస ఉంది. మొదట కఫన్, ఖననం ఖర్చు. తరువాత అప్పులు. ఆ తరువాత మూడో వంతు మించకుండా వసియ్యత్. చివరగా వారసులు. మన ఇళ్ళలో ఈ వరుస తలకిందులైపోతోంది. మూడో రోజు జియారత్‌కు, నలభయ్యో రోజుకు దేగిశాలు లేస్తాయి, అప్పు ఇచ్చినవాడు మాత్రం గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి సంకోచిస్తూ నిలబడతాడు. ఆ దినాల గురించి మన మధ్య ఉన్న మస్‌లకీ చర్చలోకి మేము ఇక్కడ పోవడం లేదు. ఏ మస్‌లక్ వారైనా అంగీకరించే మాట ఒక్కటే చెబుతున్నాము: అనాథల వాటా నుండి, తీరని అప్పు నుండి విందు పెట్టడానికి ఎవరికీ అనుమతి లేదు. ముఅతా యుద్ధంలో హజ్రత్ జఅఫర్ (రజి) వీరమరణం పొందినప్పుడు, జఅఫర్ ఇంటివారికి మీరే వండి పంపండని దైవప్రవక్త (స) ఆదేశించారు. దుఃఖంలో ఉన్న ఇల్లు ఊరికి వండి పెట్టడం మనం నేర్చుకున్న తలకిందుల మర్యాద.

అప్పుల్లో మొదట మరిచేది మహర్. జనాజా లేచే ముందు ఎవరో ఒక పెద్దావిడ వచ్చి, ‘‘మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయనకు భారం తగ్గుతుంది’’ అని విధవరాలి చేత అనిపిస్తుంది. మా మిత్రుని ఇంట్లోనూ ఒకావిడ అలాగే మొదలుపెట్టారు. స్త్రీలు తమ మహర్‌లో కొంత మనఃపూర్వకంగా వదులుకుంటేనే అది భర్తకు హలాల్ అవుతుందని ఖుర్ఆన్ నిసా సూరా స్పష్టం చేస్తోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి పాడె ముందు అన్న మాటను మనఃపూర్వకం అని ఏ ముఖంతో అంటాము? మర్హూమ్ తమ్ముడు అడ్డుపడి ఆ మాట ఆపించాడు. తరువాత నోటుపుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది: మహర్ 15 వేలు, ఇచ్చినది 10 వేలు, బాకీ 5 వేలు. వసియ్యత్ చేయవలసింది ఉన్న ముస్లిం అది రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపకూడదన్న హదీసు మనమంతా చదివాము. రాసి పెట్టినవారు ఎంతమంది?

మూడో రోజున ఒక పురుగుమందుల దుకాణం నుండి మనిషి వచ్చాడు. దర్శి వైపు కౌలు రైతు ఒకరు ఆ దుకాణంలో విత్తనాలు, మందులు అరువు తీసుకున్నారు. మా మిత్రుడు జామీను సంతకం పెట్టారు. మొత్తం 84 వేలు. 2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప పూతను ఎలా మాడ్చేసిందో రైతు కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. ఆ రైతుకు కూలి ఖర్చు కూడా రాలేదు.

మన ప్రాంతంలో జామీను సంతకం చిన్న విషయం కాదు. 1987–88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పొలం కాగితం సొంతదారు పేరుమీద ఉంటుంది, పెట్టుబడి, నష్టం కౌలుదారువి. కౌలుదారుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. రెండవదాని ప్రకారం కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. చాలామంది యజమానులు ఆ సంతకం పెట్టరు. బ్యాంకు తలుపు తెరుచుకోకపోతే రైతు దుకాణానికి పోతాడు, అక్కడ తెలిసిన మనిషి హామీ అడుగుతారు. నెల జీతం గుమాస్తా 84 వేలకు పూచీ పడటం మెచ్చుకోదగినదా, తొందరపాటా? మా మధ్య దీనిపై పెద్ద వాదనే జరిగింది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తన ఆస్తినంతా దానం చేయాలనుకుంటే దైవప్రవక్త (స) మూడో వంతు దగ్గర ఆపారు, అదీ ఎక్కువేనన్నారు. వారసులను ఇతరుల ముందు చేయి చాచేలా విడిచిపెట్టడం కన్నా ఉన్నంతలో నిలబెట్టి పోవడం మేలన్నారు. ఈ కొలతతో చూస్తే మా మిత్రుడు తన శక్తికి మించిన సంతకం పెట్టారని మేము భావిస్తున్నాము. ఆయన మంచితనం మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాము. రేపు మరొకరు ఆయనను చూసి అలాంటి సంతకం పెట్టబోతే, ఇంట్లో పిల్లల వైపు ఒకసారి చూసి పెట్టమని చెబుతాము.

ఆయన వదిలివెళ్ళింది యజమాని దగ్గర దాచుకున్న లక్షా తొంభై వేలు, ఒక స్కూటరు. ఫిఖ్హ్ ప్రకారం హామీదారుడు మరణిస్తే బాకీ ఇచ్చినవాడు అతని ఆస్తి నుండి వసూలు చేసుకోవచ్చు. వారసులు తరువాత అసలు బాకీదారు నుండి రాబట్టుకోవాలి. అంటే ఆ 84 వేలూ పోయాక మిగిలిన దానిలోనే తల్లికి ఆరో వంతు, భార్యకు ఎనిమిదో వంతు, ఆడపిల్లలిద్దరికీ మూడింట రెండు వంతులు, మిగిలిన స్వల్పం తమ్ముడికి. ‘అల్లాహ్ కోసం పెట్టిన సంతకానికి యతీములు ఎందుకు కట్టాలి, దుకాణంవాడు రైతునే పట్టుకోనీ’ అని మాలో ఒకరన్నారు. మాట బాధలోంచి వచ్చింది, కానీ దుకాణంవాడు సరుకు ఇచ్చింది ఆ సంతకం చూసే.

అప్పుడు మాకు హజ్రత్ అబూ ఖతాదా (రజి) గుర్తుకొచ్చారు. అప్పు ఉండి, తీర్చడానికి ఏమీ లేని ఒకరి జనాజాను తీసుకొస్తే, మీ సహచరునికి మీరే నమాజు చేయండని దైవప్రవక్త (స) పక్కకు తప్పుకున్నారు. ఆ అప్పు నాది అని అబూ ఖతాదా అన్న తరువాతే ముందుకు వచ్చి నమాజు చేయించారు. మరుసటి రోజు కనబడినప్పుడు ఆ రెండు దీనార్ల సంగతి ఏమైందని అడిగారని, చెల్లించానన్నాక, ఇప్పుడు అతని శరీరం చల్లబడిందన్నారని మరో ఉల్లేఖనంలో ఉంది. ఆ మృతుని గుణగణాల గురించి అబూ ఖతాదా ఒక్క వాక్యం చెప్పినట్లు ఆ హదీసులో లేదు. ఒక స్నేహితుడు మరో స్నేహితుని గురించి ఇవ్వగలిగిన సాక్ష్యాల్లో అంతకన్నా బరువైనది మాకు కనబడలేదు. హజ్రత్ ఖదీజా (రజి) పోయిన తరువాత ఆమె జ్ఞాపకంగా దైవప్రవక్త (స) మేకను కోసి ఆమె స్నేహితురాళ్ళ ఇళ్ళకు పంపేవారు. అక్కడా జ్ఞాపకం చేతులతో చేసిన పనిగానే కనిపిస్తుంది.

మస్జిదు మిత్రులు ఏడుగురు తలా 12 వేలు వేసుకున్నారు. ఏడుగురిలో ఇద్దరు యార్డు హమాలీలు, ఒకరు మోటారు మెకానిక్. నెలనెలా కట్టారు. దుకాణం లెక్క తీరింది. మహర్ బాకీ ఆస్తి నుండి చెల్లించారు. తమ్ముడు తన వాటా ఆడపిల్లలకే వదిలేశాడు.

ఇప్పుడు ఆ రైతు ఈ ఏడుగురికి బాకీ. 2023లో మిర్చికి మంచి ధర పలికింది. ఆ సీజనులో ఆయన 40 వేలు తెచ్చి ఇచ్చారు. మిగిలిన 44 వేలకు మళ్ళీ గడ్డురోజులు వచ్చాయి. 2025 ఆరంభంలో యార్డులో ధర ఎంతగా పడిపోయిందంటే కేంద్రం ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. బాకీదారు ఇబ్బందిలో ఉంటే తెరిపి వచ్చేదాకా గడువు ఇవ్వాలని, వదిలేస్తే అది మరీ మేలని బఖరా సూరాలో ఆదేశముంది. ఏడుగురిలో ఇద్దరు వదిలేద్దామన్నారు. మెకానిక్ తన వాటా కూతురి పెళ్ళికి కావాలన్నాడు. అది అతని హక్కు, అతణ్ణి చిన్నచూపు చూడవలసిన పని లేదు. మిగతావారు ఆగుదామన్నారు. ఆగుతున్నారు.

ఆ మార్చి నెలలో రైతు సరుకు దింపి, వచ్చిన డబ్బు కూలీలకే చాలక, బస్సెక్కే ముందు మర్హూమ్ ఇంటికి వచ్చారు. ఒక సంచిలో ఎండు మిరపకాయలు తెచ్చి గడప దగ్గర పెట్టారు. వసారాలో మంచం మీద ఉన్న తల్లి, ఇది బాకీ కిందిదైతే ఆ ఏడుగురికీ తూచి పంచాలని, తన ఇంట్లో పెట్టుకోనని అన్నారు. బాకీ వీరిది కాదు, ఏడుగురిది; కాబట్టి ఈ సంచి బహుమానమే అవుతుంది, తీసుకోవచ్చని మేము చెప్పినా ఆమె రైతు నోటనే వినాలన్నారు.

‘‘బాకీ వేరమ్మా, అది నేను కడతా. ఇది మీ అబ్బాయి నాకు లెక్క చీటీ చదివి వినిపించినందుకు’’ అన్నారాయన. అప్పుడు ఆమె సంచి లోపల పెట్టమని పెద్ద మనవరాలితో చెప్పారు.